నడవని యింజను నేర్పు పాఠము

యంత్రము చక్కగా నడచుచున్నప్పుడు దానిని జూచి సంతసించువారు పెక్కురు. అది నిలిచిపోయినప్పుడు దాని యెదుట నెమ్మదిగా గూర్చుండి యేల నిలిచినదో విచారించువారు మాత్రము మిక్కిలి యరుదు. సాధారణముగా "ఇది చెడిపోయినది" యను నొక్క మాటతో తీర్పు ముగియుచుండును. సాక్ష్యము లేదు, విచారణ లేదు. శిక్ష మాత్రము వెంటనే యమలులోనికి వచ్చును. ఆ వస్తువు అటకమీదికో, బీరువాలోనికో, చెత్తకుండీలోనికో పోవును. ఈ యలవాటు మంచిది కాదనియు, నిలిచిపోయిన యంత్రమును క్రమముగా పరీక్షించుట చదువులో నొక ముఖ్యభాగముగా నెంచబడవలెననియు మా యభిప్రాయము. దీనిని నిరూపించుటకు పెద్ద కర్మాగారములలోనికి బోనక్కఱలేదు. తోటలో నడుపు చిన్న రైలింజను చాలును.

తోట రైలనగా నేమో యెఱుగని చదువరులకొఱకు రెండు మాటలు. ఇంగ్లాండు, జర్మనీ మొదలగు దేశములలో ననేకులు తమ పెరటితోటలలో పూలమళ్ల నడుమ చిన్న పట్టాలు పఱచి, వానిపై నిజమైన రైళ్లను బోలిన చిన్న రైళ్లను నడుపుచుందురు. ఇది పిల్లల యాట మాత్రమే కాదు. ఉద్యోగము విరమించిన పెద్దలకును ప్రీతిపాత్రమైన వినోదము. 1881వ సంవత్సరమున స్థాపింపబడిన లేమాన్ అను జర్మను బొమ్మల సంస్థ, 1968వ సంవత్సరమున ఎల్.జి.బి. యను పేరుతో వానకు నెండకు నోర్చు రైళ్లను వెలువరించిన పిమ్మట నీ వినోదము మఱింత వ్యాపించెను. వీని పట్టాల నడిమి వెడల్పు 45 మిల్లీమీటర్లు; కొలత అసలు రైలులో ఇరువదిరెండున్నరవ వంతు. 45ను 22½తో హెచ్చించినచో 1,012½ మిల్లీమీటర్లు, అనగా నించుమించు ఒక మీటరు వచ్చును. మన పెద్దలు గుంటూరు గుంతకల్లుల నడుమ ప్రయాణము చేసిన పూర్వపు మీటరుగేజి మార్గమునకు తోటలో సరిపోవు పరిమాణమిదియే యని చెప్పవచ్చును.

ఇట్టి యింజనులలో విద్యుచ్ఛక్తిచే నడచునవే యెక్కువ. దాని మార్గమును ముందుగా మనస్సునం దుంచుకొనవలెను. ఇంటిలోని విద్యుత్తు ఒక పెట్టెలో ప్రవేశించి, అపాయము లేని తక్కువ వోల్టులకు దిగి, ఏకదిశా ప్రవాహముగా మాఱును. అచ్చటనుండి తీగెద్వారా నొక పట్టాను జేరును. ఆ పట్టానుండి యింజను చక్రమునకును, చక్రమునుండి దాని కానుకొనియుండు లోహపు ముక్కకును, అందుండి మోటారునకును బోవును. మోటారును త్రిప్పిన పిమ్మట రెండవవైపు చక్రముద్వారా రెండవ పట్టాకు దిగి, మరల పెట్టెను జేరును. రెండు పట్టాలును ఒకదాని నొకటి యంటకుండుటకే స్లీపర్లు ప్లాస్టిక్కుతో చేయబడినవి. ఇది యొక హారము వంటిది. హారములో నెచ్చట తెగినను ముత్యములన్నియు రాలినట్లు, ఈ మార్గమున నెచ్చట తెగినను ఇంజను నిలిచిపోవును. కాని కంటికి కనబడునది యింజను మాత్రమే. కావున నిందయంతయు దానిమీదనే పడును.

ఇచ్చటనే మొదటి పొరపాటు జరుగుచున్నది. ఇంజను కదలకున్నంతనే తొందరపాటు గలవాడు స్క్రూలు విప్పి దాని పొట్ట తెఱచును. సన్నని స్ప్రింగొకటి యెగిరి గడ్డిలో పడును; వెండ్రుకవంటి తీగె యొకటి తెగును; తిరిగి కూర్చునపుడు రెండు స్క్రూలు మిగులును. వచ్చినప్పు డొక లోపముండెను. ఇప్పుడు మూడు లోపములు. మొదటి లోపమో, పట్టామీద నెక్కడనో యట్లే యున్నది. వ్యాధి నెఱుగకముందే శస్త్రచికిత్సకు బూనుకొను వైద్యుని మనము మెచ్చుకొందుమా? యంత్రముపట్ల మాత్ర మదే పనిని నేర్పని మెచ్చుకొనుట యేల?

క్రమమైన మార్గమిది. చేతికి పనిముట్టు దీసికొనకముందు రెండు ప్రశ్నలు వేయవలెను. ఇదే పట్టాపై మఱియొక యింజను నడచుచున్నదా? ఇదే యింజను మఱియొక పట్టాపై నడచుచున్నదా? ఇంటిలోపల బల్లమీద నొక మూర శుభ్రమైన పట్టా నుంచి, దానికి పెట్టెనుండి నేరుగా తీగెలు గలిపి, యింజను నుంచి చూచిన జాలును. అచ్చట నడచినచో నింజను నిర్దోషి; లోపము తోటలోనే యున్నది. అచ్చటను నడువక, వేఱొక యింజను నడచినచో లోపము మన యింజనులోనే యున్నది. రెండును నడువకున్నచో పెట్టెను, దాని తీగెలను విచారింపవలెను. ఒక్క పరీక్షతో సందేహింపదగిన స్థలము సగమునకు దగ్గును. గణితశాస్త్రము జదువు విద్యార్థులకు దీని విలువ చెప్పనక్కఱలేదు. సగములో సగము, దానిలో సగము చొప్పున బోయినచో, పదాఱు స్థలములలో దాగియున్న యొక దోషము నాలుగు పరీక్షలలో దొరకును.

లోపము తోటవైపున నున్నదని తేలినచో మొదట పెట్టెను జూడవలెను. ప్లగ్గు సరిగా నున్నదా, ఫ్యూజు పోయినదా, పెట్టెలోని రక్షణసాధనము తానే ప్రవాహమును నిలిపివేసినదా యని పరీక్షింపవలెను. ఇంటిగోడలోనుండి వచ్చు 230 వోల్టుల భాగమును విద్యార్థులు తెఱువరాదు. మన విచారణ యంతయు తక్కువ వోల్టుల వైపుననే జరుగవలెను. పట్టాకు బోవు తీగెలను విడదీసినంతనే పెట్టె కోలుకొన్నచో, పట్టాలమీద నెచ్చటనో రెండువైపులను గలుపు వస్తు వున్నదని యర్థము. మఱచిపోయిన స్క్రూడ్రైవరు కావచ్చును, పడిన మేకు కావచ్చును, పట్టాలు దప్పి యడ్డముగా నిలిచిన పెట్టెబండి చక్రము కావచ్చును. క్రొత్తగా మార్గమును పొడిగించినవారు మఱియొకటి గుర్తుంచుకొనవలెను. పట్టా చుట్టు దిరిగి వచ్చి తన్ను తానే కలిసికొనునట్లు వేసినచో కుడిపట్టా యెడమపట్టాతో గలియును. ఇంజనును, పెట్టెయు నెంత మంచివైనను ప్రవాహము నిలువదు. అట్టి చోట పట్టాలను ఖండించి, ప్రత్యేకమైన యేర్పాటు చేయవలసియుండును.

పెట్టె సరిగానున్నచో పట్టాలను విచారింపవలెను. తోటపట్టాలు తఱచుగా నిత్తడివి. మన యింటి యిత్తడి బిందెలు తోమకున్నచో చిలుము పట్టుట యందఱమును జూచినదే. అదే చిలుము పట్టాలమీదను బట్టును. దానిపై ఆకుల జిగురును, నత్తలు ప్రాకిన జాడలును, చక్రముల నల్లని మడ్డియు జేరును. చూచుటకు పట్టా పట్టావలెనే యుండును. విద్యుత్తునకు మాత్రము తలుపు మూసినట్లగును. మెత్తని గరుకుముక్కతో తలభాగమును తోమి, పొడిగుడ్డతో తుడువవలెను. ముదుక ఉప్పుకాగితముతో రుద్దుట మంచిది కాదు; అందుచే నేర్పడు గీతలలో ముఱికి మఱింత త్వరగా నిలుచును.

పట్టా తలభాగము మెఱయుచున్నను, అతుకులను మఱువరాదు. రెండు పట్టాముక్కలను గలుపు చిన్న రేకులలో మట్టియు చెమ్మయు జేరినచో నచ్చట నిరోధము పెరుగును. ఇచ్చట ఓము మహాశయుని స్మరింపకుండ నుండరాదు. తాళములు చేయువాని కుమారుడైన గేయార్గ్ ఓము, కొలోను పట్టణమున నొక పాఠశాలలో గణితమును, భౌతికశాస్త్రమును బోధించుచు, అచ్చటి సాధనములతో ప్రయోగములు చేసి, 1827వ సంవత్సరమున తన గ్రంథమును ప్రకటించెను. ప్రవాహమును నిరోధముతో హెచ్చించిన వచ్చునదే నష్టమగు వోల్టుల సంఖ్య యను సూత్రము పరీక్షకొఱకు కంఠస్థము చేయువా రనేకులు. దానిని తోటలో బ్రయోగించి చూతము.

పెట్టె 18 వోల్టుల నిచ్చుచున్నదనుకొందము. తీగెలు పట్టాల కొక చివర మాత్రమే కలుపబడినవి. ఇంజను ఆఱు మీటర్ల దూరమున నున్నది. పట్టాముక్క యొక్కొక్కటి 30 సెంటీమీటర్లైనచో, పోవు దారిలో నించుమించు 20 అతుకులు, వచ్చు దారిలో 20 అతుకులు. ఒక్కొక్క అతుకులో ఓములో పదవ వంతు నిరోధ మున్నను మొత్తము 4 ఓములగును. ఇంజను ఒకటిన్నర ఆంపియరు గోరినచో 6 వోల్టులు దారిలోనే నశించును. ఇంజనునకు మిగులునవి 12 మాత్రమే. ఏ యొక్క అతుకును చెడినట్లు కనబడదు. కాని నలువది చిన్న లోపములు గలిసి యొక బలమైన యింజనును నిలువబెట్టును. దూరమునకు వేఱొక తీగెను గొనిపోయి పట్టాకు గలుపుటయు, అతుకులను విప్పి శుభ్రపఱచి గట్టిగా బిగించుటయు దీనికి చికిత్సలు.

ఈ లోపమును కనుగొనుటలో నొక చిక్కు గలదు. వోల్టుమీటరును ఆ దూరపు పట్టాలమీద నుంచినచో నది 18 వోల్టులనే చూపును. ఏలయనగా వోల్టుమీటరు గ్రహించు ప్రవాహము మిక్కిలి స్వల్పము. ప్రవాహము లేనిచోట నష్టమును లేదు. "పట్టాలో శక్తి పూర్తిగా నున్నది గదా, ఇంజనే చెడినది" యని యచ్చట తప్పు తీర్పు పుట్టును. దానికి బదులు లారీలకు వాడు 24 వోల్టుల, 21 వాట్ల బల్బు నొకదానిని తీగెలతో పట్టాలకు తగిలింపుడు. పెట్టెయొద్ద బాగుగా వెలిగిన దీపము దూరమున మినుకుమినుకుమన్నచో దోషము దొరకినట్లే. పనిలేనప్పుడు పూర్తి బలమును జూపుట వేఱు, బరువు పడినప్పుడు నిలుచుట వేఱు. ఈ భేదము పాఠ్యపుస్తకములో రెండు పంక్తులు. తోటలో కన్నులార గాంచిన సత్యము.

విచారణ యింజనువైపునకే దారి చూపినచో, అప్పుడును తొందరవలదు. ముందు చెవియొగ్గి వినవలెను. వ్రేలితో నెట్టినపుడు కొంచెము కదలి నిలిచినచో, చక్రముల యంచులు గాని, ప్రవాహమును గ్రహించు ముక్కలు గాని ముఱికిపట్టియుండును. ఎల్లప్పు డొకే చోట నిలిచినచో తప్పు పట్టాది. ప్రతిచోటను నిలిచినచో తప్పు ఇంజనుది. మోటారు గుయ్యిమని తిరుగుచు చక్రములు కదలకున్నచో, ఇరుసుమీది ప్లాస్టిక్కు పండ్లచక్రము పగిలి జాఱుచున్నదేమో చూడవలెను. మోటారు మూలుగుచు వేడెక్కి కదలకున్నచో, పండ్లనడుమ గులకరాయి చిక్కియుండును, లేక చక్రములను గలుపు కడ్డీ వంగియుండును. వెంటనే ప్రవాహమును నిలుపవలెను. ఇంజను దీపము వెలుగుచు మోటారు మౌనముగా నున్నచో, లోపలి తీగె యూడినదో, మోటారులోని బొగ్గు బ్రష్షు లరిగినవో తెలిసికొనవలెను. పొట్టను తెఱచుటకు తగిన సమయ మిదియే. అంతకుముందు కాదు.

ఇక నొక నియమము. ఒక్కొక్కసారి యొక్క మార్పే చేయవలెను. చేసినదానిని కాగితముపై వ్రాసికొనవలెను. చక్రములు తుడిచి, పట్టా తోమి, తీగె మార్చి, నూనె వేసి, యన్నియు నొక్కమారే చేసినచో ఇంజను నడువవచ్చును. కాని యేల నడచినదో తెలియదు. మరల నిలిచినప్పుడు మనము మొదటివలెనే యజ్ఞానులము. నడచుట యొక లాభము. ఏల నడచినదో తెలియుట శాశ్వతమైన లాభము.

ఇది బొమ్మల వ్యవహారమని నవ్వువారికి చరిత్రనుండి యొక్క దృష్టాంతము చాలును. 1763వ సంవత్సరమున గ్లాస్గో విశ్వవిద్యాలయమున పాఠములు చెప్పుట కుపయోగించు న్యూకమెన్ ఆవిరియంత్రపు నమూనా యొకటి సరిగా నడువకుండెను. అంతకుముందు దానిని లండనునగరమునకు మరమ్మతునకై పంపియుండిరి. పిమ్మట నది యా విశ్వవిద్యాలయమున సాధనములు చేయుచుండిన జేమ్సు వాట్టు చేతికి వచ్చెను. ఆయన దానిని సరిచేసెను; అయినను నది కొన్ని మారులు కదలి నిలిచిపోవుచుండెను. "ఇది బొమ్మ, ఇంతకంటె నడువదు" అని యాయన చేతులు కడుగుకొనలేదు. ఆవిరి యెంత పుట్టుచున్నదో, యెంత ఖర్చగుచున్నదో కొలిచెను. ప్రతిమారును చల్లబఱుపబడు స్తంభకమును తిరిగి వేడిచేయుటకే యావిరిలో నధికభాగము వ్యర్థమగుచున్నదని కనుగొనెను. 1765వ సంవత్సరమున ఆవిరిని వేఱొక పాత్రలో చల్లార్చు నుపాయము ఆయనకు దోచెను; 1769వ సంవత్సరమున దానికి పేటెంటు లభించెను. లోకముయొక్క పరిశ్రమలను మార్చిన యా యాలోచన, నడువని యొక నమూనాను ఏల నడువదని యడుగుటచే బుట్టినది. ఆ నమూనా నేటికిని గ్లాస్గోలోని హంటేరియను ప్రదర్శనశాలలో నున్నది.

దీనికి రెండాక్షేపణలు వినబడుచున్నవి. మొదటిది: నేటి యింజనులలో సూక్ష్మమైన యెలక్ట్రానికు భాగము లుండును, కొన్ని బ్యాటరీలతోను రేడియోతోను నడచును, పాత పద్ధతి వాని కేల యని. భాగములు మాఱినను క్రమము మాఱలేదు. బ్యాటరీ యింజనులో పట్టాకు బదులు బ్యాటరీని విచారింతుము. శక్తి యెచ్చట బయలుదేఱి యెచ్చటివఱకు వచ్చుచున్నదని యడుగుట యొక్కటే. రెండవది: నిపుణునియొద్దకు పంపిన బోవును గదా, కాలము వ్యర్థ మేల యని. నిపుణుల యవసరము మేము కాదనము. కాని యేది చెడినదో తెలిసి నిపుణునియొద్దకు బోవుటకును, ఏమియు దెలియక బోవుటకును భేదము కలదు. తెలిసినవాడు పనిచేయించుకొనును, తెలియనివాడు చెప్పినంత చెల్లించును. ఒక అతుకును తోమిన సరిపోవుదానికి క్రొత్త యింజను కొనుట ధనమునకును, లోకములోని లోహమునకును గూడ నష్టమే.

పాఠశాలలకు మేము చేయు మనవి యిది. మన ప్రయోగశాలలలో పనిచేయు సాధనములనే విద్యార్థుల ముందుంచుచున్నాము. గంట మ్రోగును, దీపము వెలుగును, విద్యార్థి బొమ్మ గీసి మార్కులు సంపాదించును. పనిచేయనివి బీరువాలో దాగును. సంవత్సరమున కొకమారైనను దీనిని తలక్రిందులు చేయరాదా? తోట రైలుకొఱకు ధనము వెచ్చింపనక్కఱలేదు. ఒక బ్యాటరీ, ఒక చిన్న మోటారు, నాలుగు తీగెలు, ఒక స్విచ్చి చాలును. ఉపాధ్యాయుడు రహస్యముగా నొక లోపమును గల్పించి, "ఇది నడువదు, ఏల?" యని విద్యార్థుల చేతికీయవలెను. మార్కులు త్వరగా కనుగొన్నందుకు గాక, ఏ క్రమమున వెదకిరో, ఏమి వ్రాసికొనిరో దానినిబట్టి యీయవలెను. అదృష్టవశమున దొరకిన జవాబుకంటె, క్రమముగా వెదకి సగమువఱకు వచ్చిన ప్రయత్నము మేలైనదని వారు గ్రహింతురు.

ఈ యభ్యాసము యంత్రములతో నాగదని మా నమ్మకము. తరగతిలో వెనుకబడిన బాలుని జూచి "వీడు మొద్దు" అని యొక్క మాటతో తీర్పు చెప్పుట, పట్టాను జూడక యింజనును నిందించుట వంటిదే. వానికి నల్లబల్లమీది యక్షరములు కనబడుచున్నవా? ప్రొద్దున నన్నము దిని వచ్చినాడా? ఇంటిలో దీపము క్రింద గూర్చుండి చదువుకొను చోటున్నదా? క్రింది తరగతిలో తప్పిపోయిన పాఠ మేదైన నున్నదా? ఇవి యన్నియు నతుకులే. పరీక్షింపక ముందే లోపము వాని తలలో నున్నదని చెప్పువారు, స్క్రూలు విప్పు తొందరపాటుగాండ్రకంటె నెక్కువ హాని చేయుచున్నారు. చెడిన యింజనునకు బదులు వేఱొకటి దొరకును, బాలునకు బదులు బాలుడు దొరకడు.

కావున విద్యార్థులారా, మీ చేతిలో నేదైన యంత్రము నిలిచిపోయినచో చిరాకుపడకుడు. మూలమునుండి బయలుదేఱుడు, ఒక్కొక్క అడుగున దీపము పెట్టి చూడుడు, ఒక్కొక్కటియే మార్చుడు, చూచినదానిని వ్రాయుడు. నిర్దోషియని తేలినదానిని విడిచిపెట్టుడు, దోషము తేలినచోట మాత్రమే చేయి పెట్టుడు. ఓర్పుతో అడిగినవానికి నడువని యింజను కూడ సమాధానము చెప్పును.